నాయన బండి

పోయిన ఆదివారం ఫెలోషిప్పుల గురించి రాస్తానని మాటిచ్చాను. ఈ వారం కుదరలేదు, మన్నించండి. సంక్రాంతి సెలవులకి ఊరొచ్చాను. నాలుగు రోజులుగా నా గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు ఉంది. సబ్బుకి పోదు, నిమ్మచెక్కకి పోదు. ఈ చేత్తో యూజీసీ సర్క్యులర్ల గురించి రాయబుద్ధి కాలేదు. అందుకే ఈసారికి ఒక మోటారు సైకిలు గురించి చదవండి.

మా నాయనది స్ప్లెండర్. 2001లో ఒంగోలులో వాయిదాల మీద కొన్నాడు. ఆర్టీసీ గ్యారేజీలో శ్రామిక్‌గా చేరి, చేతులు అరగదీసుకుని, చివరికి మెకానిక్ అనిపించుకుని రిటైరయ్యాడు. 2023 నవంబరులో పోయాడు. ఆయన ఆసుపత్రికి బయల్దేరే ముందు బండిని పంచలోకి తోసి, పెట్రోలు కుళాయి కట్టేసి, పైన వడ్ల పట్టా కప్పి వెళ్ళాడు. తిరిగి రాలేదు. పద్నాలుగు నెలలు ఆ పట్టా ఎవరూ తియ్యలేదు. అమ్మ రోజూ దాని చుట్టూ ఊడ్చేది, అంతే.

మంచు కురిసే దేశాల్లో చలికాలం ముందు బండ్లను షెడ్లలో పెట్టి, ఎండలు రాగానే బయటికి తీస్తారు. వాళ్ళకి అదొక పద్ధతి. ట్యాంకు నిండా పెట్రోలు నింపుతారు, లోపల గాలి లేకపోతే చెమ్మ చేరదని. బ్యాటరీ విప్పి ఇంట్లో పెడతారు. టైర్లు నేలకి ఆనకుండా స్టాండు మీద లేపుతారు. మన బండ్లు అట్లా ముందే అనుకుని ఆగవు. మనిషి పడిపోతే ఆగుతాయి. కరోనాలో ఆగాయి. పని లేక ఆగాయి. వాటిని నిద్ర లేపడానికి మన దగ్గర పుస్తకం లేదు, పక్కింటి మెకానిక్ ఉంటాడు.

నాకు బండి నడపడం వచ్చు. ఇంటర్ చదివేటప్పుడు నాయనే నేర్పాడు, పొలాల దారిలో, చీకటి పడ్డాక. పగలెందుకు నేర్పలేదో అప్పుడు అడగలేదు. ఆడపిల్ల కదా, సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను. కానీ బండి విప్పడం మాత్రం నేర్పలేదు. ఆదివారం ఆయన కిరసనాయిలు గిన్నె ముందేసుకుని చైను కడుగుతుంటే పక్కన కూర్చుని పానా అందివ్వబోయేదాన్ని. “నువ్వు ముట్టుకోమాక. పోయి చదువుకో” అనేవాడు. తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు. తమ్ముణ్ణీ ముట్టనివ్వలేదు. వాడిప్పుడు బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి పిల్లలకి పాఠం చెబుతాను. మా ఇద్దరికీ ప్లగ్గు విప్పడం రాదు.

ఇది చిన్న విషయం కాదని ఈ నాలుగు రోజుల్లో తెలిసింది.

మొదటి రోజు నేను చేసిన పనులన్నీ తప్పే. పట్టా తీశాను. దుమ్ము తుడిచాను. కుళాయి తిప్పి, చోక్ లాగి, కిక్కు కొట్టడం మొదలుపెట్టాను. ఒక నలభై సార్లు కొట్టి ఉంటాను. కాలి పిక్క పట్టేసింది. అమ్మ గడపలో కూర్చుని చూస్తా ఉంది, ఏమీ అనలేదు. ఆఖరికి మా చిన్నమ్మ కొడుకుని పిలిచాను. వాడికి హైవే పక్కన, చింతచెట్టు కింద, రేకుల షెడ్డు ఉంది. పదో తరగతి తప్పి అక్కడ చేరాడు, ఇప్పుడు ఆ షెడ్డు వాడిదే. పేరు రాయొద్దన్నాడు. “రాస్తే మీ కాలేజీ సార్లందరూ బండ్లేసుకుని ఉద్దెరకి వస్తారక్కా” అన్నాడు.

వాడొచ్చి బండిని చూడలేదు, ముందు ట్యాంకు మూత తీసి ముక్కు పెట్టాడు. “వాసన చూడు” అన్నాడు. పెట్రోలు వాసన కాదది. పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టుంది.

“దీన్ని తాపావా ఇంజనుకి?”

తాపానని చెప్పాను.

“పీహెచ్‌డీ చేశావుగా అక్కా” అన్నాడు, నవ్వకుండా.

వాడు చెప్పిందీ, తర్వాత నేను చూసి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. మీలో చాలామంది హాస్టళ్ళ ముందు బండ్లు వదిలేసి వేసవి సెలవులకి ఊళ్ళకి పోతారు కాబట్టి పనికొస్తుంది. పెట్రోలు నిలవ ఉంటే తేలికైన భాగం ఎగిరిపోతుంది, మిగిలింది జిగురవుతుంది. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, అది గాలిలో చెమ్మని లాక్కుంటుంది. చెమ్మ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. అడుగున రేకు తుప్పు పడుతుంది. నేను కుళాయి తిప్పి నలభై కిక్కులు కొట్టి ఆ జిగురునీ తుప్పునీ కార్బరేటర్‌లోకి పంపాను. పద్నాలుగు నెలలు నాయన కట్టేసిన కుళాయి కాపాడిన దాన్ని నేను ఒక్క గంటలో పాడుచేశాను.

ట్యాంకు విప్పి పాత పెట్రోలు బకెట్‌లోకి వంచాం. టీ డికాక్షన్ రంగులో వచ్చింది. ట్యాంకులో గుప్పెడు పాత నట్లు వేసి, కొంచెం కొత్త పెట్రోలు పోసి, ఇద్దరం చెరో పక్క పట్టుకుని చాట చెరిగినట్టు చెరిగాం. తుప్పు రాలింది. మూడుసార్లు కడిగాం. నట్లు ఎన్ని వేశామో లెక్కపెట్టుకుని అన్నీ బయటికి తియ్యాలి. మేము పన్నెండు వేశాం. పదకొండు వచ్చాయి. పన్నెండోదాని కోసం ట్యాంకుని తలకిందులు చేసి అరగంట ఊపాం.

సైడు డబ్బా తీస్తే ఎలకల గూడు. కాయితం ముక్కలతో మెత్తగా పరుపు చేసుకున్నాయి. ఒక ముక్క మీద అచ్చు కనపడి వెలుతురులో పెట్టి చూశాను. పంచలో మూట కట్టి పెట్టిన నా సిద్ధాంత గ్రంథం జిరాక్సు కాపీ. మూడో అధ్యాయం అనుకుంటాను, దళిత కథల్లో శ్రమ గురించి రాసిన భాగం. ఈ దేశంలో నా థీసిస్‌ని ఇంత పూర్తిగా వాడుకున్నది ఇంకెవరూ లేరు. మావాడు దాన్ని తీసి పారేసి, ఎలకలు వైర్లు కొరికాయేమో వేలితో తడుముతూ పోయాడు. హారన్ వైరు ఒకటి కొరికాయి. సైలెన్సర్ గొట్టంలో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టింది, దాన్ని పుల్లతో గీకాం.

అప్పుడు నేను పానా తీసుకున్నాను. వాడు లాక్కున్నాడు.

“నువ్వుండక్కా, నేను చూసుకుంటా.”

“నేను చేస్తాను, నువ్వు చెప్పు.”

“మీరు లెక్చరర్ గారు.”

చిన్నప్పటి నుంచీ నువ్వు అనేవాడు ఒక్కసారిగా మీరు అన్నాడు. ఆ మాటలో ఎగతాళి ఎంతో, నిజంగా అడ్డుపడటం ఎంతో నాకు తెలియలేదు. వాడికీ తెలియదేమో. మా నాయన అన్న మాటే అది, వేరే గొంతులో. మన ఇళ్ళల్లో చదువు అంటే చేతికి మట్టి అంటకపోవడం. తాత చెప్పులు కుట్టాడు, నాయన బస్సుల కింద పడుకుని నట్లు బిగించాడు, మనవరాలి చేతికి సుద్దముక్క తప్ప ఏదీ అంటకూడదు. ఆ కోరికని నేను తప్పుపట్టను. ఈ పని చేసేవాడు తక్కువ అని వేల ఏళ్ళు చెప్పిన దేశంలో బిడ్డని ఆ పని నుంచి తప్పించాలని ఏ తండ్రికైనా ఉంటుంది. కానీ పనిని వదిలేస్తూ ఆ పనిలో ఉన్న తెలివిని కూడా వదిలేశాం. బతిమాలి పానా తీసుకున్నాను.

అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చదివారు కదా. చదవకపోతే ఈ రాత్రే చదవండి, చిన్న పుస్తకం. అందులో రెండు బండ్లు ఉన్నాయి. మొదటిది 1901లో. పిల్లలు సెలవులకి తండ్రి దగ్గరికి పోవాలి, స్టేషన్‌లో దిగారు, మహర్లని తెలిసి ఎడ్లబండి వాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. ఆఖరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. ఈ కథ మనకి బాగా గుర్తుంటుంది. రెండోది 1929లో, చాలీస్‌గావ్‌లో. అప్పటికి ఆయన బారిస్టర్. అంటరానివాళ్ళ ఇబ్బందులు విచారించే ప్రభుత్వ కమిటీలో సభ్యుడు. అక్కడి మహర్లు ఆయన్ని తమ వాడకి తీసుకుపోవడానికి టాంగా కోసం వెళ్తే, టాంగావాడు ఆయన్ని కూర్చోబెట్టుకుని తోలనన్నాడు. బండి మాత్రం ఇస్తానన్నాడు. మన అతిథి నడిచి రావడమేమిటని వాళ్ళలోనే ఒకాయన పగ్గాలు పట్టుకున్నాడు. ఆయన ఎప్పుడూ టాంగా తోలలేదు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుంది. అంబేద్కర్ రాళ్ళ మీద పడ్డాడు, గుర్రం బండితో సహా ఏట్లో పడింది. ఆయన కాలు విరిగింది.

నేను ఈ రెండో కథని క్లాసులో చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ టాంగావాడి గురించే మాట్లాడాను. బారిస్టర్ అయినా తప్పలేదు చూడండి అని చెప్పి ముగించేదాన్ని. పగ్గాలు పట్టుకున్న ఆయన గురించి ఒక్కసారీ ఆగలేదు. తన మనిషి గౌరవంగా రావాలని ఎంత ఆరాటపడ్డాడో, చేతకాని పనికి ఎందుకు ఒప్పుకున్నాడో, ఆ రాత్రి ఏం తిన్నాడో. గౌరవం కావాలని ఉంది, పగ్గం పట్టడం రాదు. ఎట్లా వస్తుంది, బండి అనేది చేతికి రానిస్తే కదా.

సరే, ప్లగ్గు.

ప్లగ్గు విప్పి, ఆ కన్నంలోంచి రెండు మూడు చుక్కల ఇంజనాయిలు సిలిండర్‌లోకి పోసి, తాళం ఆపేసి ఉంచి, చేత్తో కిక్కు రాడ్డుని నెమ్మదిగా పదిసార్లు నొక్కించాడు. ఎండిపోయిన రింగులకి తడి తగలాలట. నేను కొట్టిన నలభై కిక్కులూ ఈ తడి లేకుండా కొట్టినవి. తర్వాత కొత్త ప్లగ్గుని క్యాపులో పెట్టి, సిలిండర్ రెక్కకి ఆనించి కిక్కు కొడితే నీలం నిప్పురవ్వ దూకింది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది, అయినా నిప్పు వచ్చింది. ఈ పాత స్ప్లెండర్‌కి ప్లగ్గులో నిప్పు మాగ్నెట్ నుంచి వస్తుంది, బ్యాటరీ హారన్‌కీ ఇండికేటర్లకీ. పాత ఆయిలు వంచి కొత్తది పోశాం. క్లచ్ ప్లేట్లు అతుక్కుని ఉంటే గేరేసి, క్లచ్ పట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊపాం. కటుక్కున విడిపోయాయి. వెనక బ్రేకు డ్రమ్ములో తుప్పుని గరుకు కాయితంతో రుద్దాను. చైను కిరసనాయిల్లో కడిగి ఆయిలు పెట్టాను. టైర్లు నేలకి ఆనిన చోట చదునైపోయాయి, పక్కల్లో సన్నటి పగుళ్ళు. వెనకది మార్చక తప్పలేదు. ముందు పాతిక, వెనక ఇరవై ఎనిమిది గాలి పట్టించాం.

సీటు చిరిగిపోయి ఉంది. అమ్మ లోపలికి పోయి నాయన పనిముట్ల ట్రంకు పెట్టె లాక్కొచ్చింది. పానాల అడుగున పాత గుడ్డలో చుట్టి తాత ఆరె, రంపె ఉన్నాయి. నాయన వాటిని పారెయ్యలేదని నాకు తెలియదు. అమ్మ ఆరె తీసుకుని, దారానికి మైనం రుద్ది, సీటు తనే కుట్టింది. ఎప్పుడు నేర్చుకున్నావమ్మా అంటే “చూళ్ళేదా ఏంది” అంది.

కార్బరేటర్ నాకే ఇచ్చాడు. అదే అసలు పని అని తర్వాత తెలిసింది. అడుగు గిన్నె విప్పితే ఆకుపచ్చ జిగురు. పెద్ద జెట్టులోంచి ఆకాశం కనపడింది. పక్కన చిన్న జెట్టు, దాన్ని వీళ్ళు స్లో జెట్టు అంటారు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఆరిపోకుండా కాపాడేది అదే. దాని కన్నం వెంట్రుక మందం. అందులో ఆకాశం లేదు. సూది పెట్టబోతే చెయ్యి మీద కొట్టాడు. సూదితో కన్నం పెద్దదైతే ఇక జెట్టు పనికిరాదు. రాగి వైరులోంచి ఒక్క పోగు తీసి దానితో పొడవాలి, గాలి కొట్టాలి, మళ్ళీ పొడవాలి. కొంచెం వెలుతురు కనపడగానే చాలనుకున్నాను. బిగించేశాం.

మూడో కిక్కుకి అందుకుంది. ముందు తెల్లటి పొగ, తర్వాత ఆ చప్పుడు. అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను అటు చూడలేదు.

కాయితాల గురించి ఒక మాట. నాయన పోయిన మూడు నెలల్లోపే ఫారం 31 ఇచ్చి బండిని అమ్మ పేరు మీదికి మార్పించాం. మీ ఇళ్ళల్లో ఎవరైనా పోతే ఈ పని వాయిదా వెయ్యకండి. మాకు ఇన్సూరెన్సు మాత్రం అయిపోయి ఉంది. అది కట్టాకే రోడ్డెక్కాను.

రోడ్డు గురించి చెప్పాలి. మా పల్లె నుంచి హైవేకి పోవాలంటే పెద్ద ఊరి మధ్యలోంచి పోవాలి. రచ్చబండ ముందు నుంచే దారి. 2001లో బండి కొత్తగా వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. తమ్ముడు ట్యాంకు మీద, నేనూ అమ్మా వెనక. యాపచెట్టు రాగానే నాయన ఇంజను ఆపేసేవాడు. బండి దిగేవాడు, మమ్మల్నీ దించేవాడు. రచ్చబండ దాటే దాకా తోసుకుంటా నడిచి, తూము దగ్గర మళ్ళీ ఎక్కి కిక్కు కొట్టేవాడు. ఎందుకు నాయనా అంటే “పెట్రోలు మిగులుద్ది” అనేవాడు. నేను నమ్మాను. స్కూల్లో పొదుపు మీద వ్యాసం రాయమంటే మా నాయన యాపచెట్టు దగ్గర బండి ఆపేస్తాడని రాశాను. టీచరు దిద్ది పదికి ఎనిమిది వేశారు.

మా ఊరు కారంచేడుకి మరీ దూరం కాదు. 1985లో నాయన పాతికేళ్ళ కుర్రాడు. ఆయనకి ఎవరూ ఏదీ విడమరిచి చెప్పనక్కర్లేదు. చెరువు నీళ్ళ దగ్గర మొదలైన మాట ఎక్కడిదాకా పోతుందో ఆ తరానికి తెలుసు. 1991లో చుండూరు, అక్కడ సినిమా హాల్లో కాలు తగిలిన దగ్గర మొదలైంది. అట్లాంటి చోట కొత్త బండి మీద కూర్చుని ఇంజను చప్పుడుతో పోవడం అంటే ఏమిటో ఆయన లెక్కవేసుకున్నాడు. కొన్నేళ్ళకి దిగడం మానేశాడు. కానీ ఇంజను ఆపి, న్యూట్రల్‌లో జారుకుంటూ పోయేవాడు. ఆఖరి రోజుల దాకా అంతే.

అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3(1)(జెడ్‌ఏ)(బి) తీసి చూడండి. బహిరంగ స్థలాల్లో సైకిలో మోటారు సైకిలో ఎక్కడాన్ని, చెప్పులు వేసుకోవడాన్ని, కొత్త బట్టలు కట్టుకోవడాన్ని, పెళ్ళి ఊరేగింపు తియ్యడాన్ని అడ్డుకుంటే నేరమని అక్కడ రాసి ఉంది. మోటారు సైకిలు అనే మాట చట్టంలోకి ఊరికే రాలేదు. ఎన్ని ఊళ్ళలో ఎంతమంది దిగి తోసుకుంటూ నడిస్తే వచ్చిందో. మా నాయన మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు, ఎవరూ దిగమని కూడా అనలేదేమో. కేసు లేదు, సాక్షి లేడు. ఆయనంతట ఆయనే దిగాడు. ఆ దిగడాన్ని ఏ సెక్షన్ కింద రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడో రోజు పొద్దున ఒక్కదాన్నే బయల్దేరాను. పల్లెలో బాగానే పోయింది. యాపచెట్టు దగ్గర గేదెలు అడ్డమొస్తే ఎక్సలేటర్ వదిలాను. ఇంజను ఆరిపోయింది.

సరిగ్గా అక్కడే. రచ్చబండ మీద నలుగురున్నారు. కిక్కు కొట్టాను. అందుకుంది, రేసు తగ్గించగానే ఆరింది. మళ్ళీ కొట్టాను. దిగి తోసుకుపోతే రెండు నిమిషాల పని. దిగకూడదు అనుకున్నాను, చెమటలు పడుతున్నాయి. క్లాసులో ఆత్మగౌరవం గురించి గంటసేపు మాట్లాడతాను కదా, అదంతా వెంట్రుక మందం కన్నం దగ్గర ఆగింది. అరుగు మీద ఒక ముసలాయన “ఎవరి బండమ్మా అది?” అన్నాడు. మా నాయన పేరు చెప్పాను. “ఆఁ, ఆయన ఇక్కడ బండి ఆపేవాడుగా” అన్నాడు. అంతే అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు, పశ్చాత్తాపమూ లేదు, ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అన్నాడు. వాళ్ళకీ తెలుసన్న మాట, ఇన్నేళ్ళూ. ఎనిమిదో కిక్కుకి ఇంజను అందుకుంటే రేసు వదలకుండా పట్టుకుని వెనక్కి తిప్పుకొచ్చాను.

“స్లో నిలబడట్లా” అన్నాడు మావాడు, విని. “జెట్టు సగమే కడిగావు.”

మళ్ళీ విప్పాను. ఈసారి వాడు చెయ్యి పెట్టలేదు, బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. జెట్టుని రాత్రంతా కొత్త పెట్రోల్లో నానబెట్టాను. పొద్దున రాగి పోగుతో పొడిచి, ఎండకి ఎత్తి పట్టి చూశాను. గుండ్రంగా, అంచులు తేటగా, ఆకాశం. బిగించి, ఇంజను వేడెక్కాక ఎయిర్ స్క్రూ పూర్తిగా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు బయటికి తీసి, అక్కణ్ణుంచి చెవితో వింటూ పావు చుట్టు అటూ ఇటూ తిప్పాను. ఒకచోట ఇంజను తనంతట తనే కుదురుకుంది. పంచ అరుగు మీద గ్లాసులో నీళ్ళు పెట్టి పావుగంట అట్లాగే వదిలేశాం. నేను టీ తాగి వచ్చినా ఆగలేదు.

సాయంత్రం అమ్మని ఎక్కించుకున్నాను. రానంది, మళ్ళీ తనే చీర మార్చుకుని వచ్చింది. యాపచెట్టు దగ్గరికి రాగానే అమ్మ నా భుజం మీద రెండుసార్లు తట్టింది. అలవాటు. ఇరవై మూడేళ్ళ అలవాటు. నేను రేసు వదిలాను, నిదానంగా, రెండో గేరులో, ఇంజను చప్పుడుతోనే పోనిచ్చాను. అమ్మ చెయ్యి భుజం మీదే ఉంది, మళ్ళీ తట్టలేదు. తూము దాటాక వెనకనుంచి “వెనక బ్రేకు కిచకిచలాడతంది, చూపిచ్చుకో” అంది.

నిజమే, డ్రమ్ములో ఇంకా తుప్పు ఉన్నట్టుంది. కొరికిన హారన్ వైరు కూడా అతకాలి. రేపు విప్పుతాను. ఫెలోషిప్పుల సంగతి వచ్చే ఆదివారం.